ముసలి ఇంజనుకు ముక్కు, మెదడు: పాత కార్లలో ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్

కాన్‌బెర్రా నగరానికి ఉత్తర భాగాన ఉన్న గంగాలిన్ పేరు వినగానే తెలుగు చెవికి గంగ స్ఫురిస్తుంది. ఆ పేరు ఈ నేల ఆదివాసుల భాషనుంచి వచ్చినదే కాని, గంగతో దానికి సంబంధం లేదు. ఐతే అక్కడి ఉదయాలు మాత్రం హిమాలయాన్ని తలపించక మానవు. సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ప్రాంతంలో శీతకాలపు తెల్లవారు జామున కార్ల అద్దాలపై మంచు పేరుకొని ఉంటుంది. కాన్‌బెర్రా విమానాశ్రయంలో 1971 జులై 11న ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 10 డిగ్రీలకు పడిపోయింది. 2020 జనవరి 4న 44 డిగ్రీలకు చేరింది. అంటే, ఒకే ఊరిలో తిరిగే కారు 54 డిగ్రీల వ్యత్యాసానికి సిద్ధపడి ఉండాలన్న మాట.

కొత్త కార్లకు ఇది సమస్య కాదు. కాని 1971 నుంచి 1974 వరకు తయారైన హోల్డెన్ హెచ్‌క్యూ వంటి కారును అపురూపంగా దాచుకొని, ఆదివారపు షికారుకు మాత్రమే కాక, ప్రతిదినం ఆఫీసుకు నడిపేవారికి ఇది నిత్య సమస్యే. హెచ్‌క్యూ శ్రేణిలో సుమారు 4 లక్షల 85 వేల కార్లు తయారయ్యాయి. వాటి అభిమానులకు ఈ దేశంలో నేటికీ కొదవ లేదు. గంగాలిన్‌నుంచి నగరానికి వెళ్ళే ఫ్లెమింగ్టన్ రోడ్డు పక్కనున్న ఎగ్జిబిషన్ పార్కులో 1980ల చివరినుంచి జరుగుతున్న సమ్మర్‌నాట్స్ ఉత్సవమే ఇందుకు సాక్ష్యం. అంబాసిడర్ కారును ఇంటి సభ్యునిగా చూసుకున్న మన తరాలకు ఈ మమకారం వివరించి చెప్పనక్కరలేదు.

ఇట్టి కారు యజమాని ముందు ఇప్పుడొక ప్రశ్న ఉన్నది. పాత కార్బురేటర్‌ను తీసివేసి, బజారులో విడిగా దొరికే ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ సామగ్రిని అమర్చుకోవడం మంచిదా? సంక్షిప్తంగా ఈ.ఎఫ్.ఐ. అని పిలిచే ఈ పద్ధతి ఏ సూత్రంపై పనిచేస్తుంది? అమర్చడంలో ప్రమాదమెక్కడున్నది? వేల డాలర్ల ఖర్చూ, ఇంటిల్లిపాది భద్రతా దీనితో ముడిపడి ఉన్నాయి గనుక విషయాన్ని మూలంనుంచి పరిశీలించడం అవసరం.

దహనం ఒక తూకపు లెక్క

పెట్రోలు అనేది ఒకే పదార్థం కాదు. వందలాది ఉదకర్బనాల మిశ్రమం. లెక్కకు వీలుగా ఐసో ఆక్టేన్‌ను తీసుకుందాం. దాని అణువులో 8 కార్బన్ పరమాణువులు, 18 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. అది పూర్తిగా మండితే కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోజన్ అంతా నీటి ఆవిరిగా మారాలి. ఇందుకు 114 గ్రాముల ఆక్టేన్‌కు 400 గ్రాముల ఆక్సిజన్ కావాలి. గాలి బరువులో ఆక్సిజన్ భాగం సుమారు 23.2 శాతం మాత్రమే. కాబట్టి 1,724 గ్రాముల గాలి అవసరమవుతుంది. అనగా 1 పాలు ఇంధనానికి 15.1 పాళ్ళు గాలి. ఇదే లెక్క టోలీన్‌కు వేస్తే 13.5 వస్తుంది. ఇటువంటి పదార్థాలన్నీ కలిసిన సాధారణ పెట్రోలుకు సగటున 14.7 అని చెప్పుకుంటారు.

ఈ 14.7 అనేది ఇంజను లోకంలో లక్ష్మణరేఖ వంటిది. గాలి తగ్గి ఇంధనం ఎక్కువైతే కార్బన్ పూర్తిగా మండక విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి పోతుంది. డబ్బు పొగగొట్టం పాలవుతుంది. గాలి మరీ ఎక్కువైతే మంట నిలకడ తప్పుతుంది. ఇంజను దగ్గుతుంది, వేగం అందుకోవలసిన చోట నీరసిస్తుంది. ఐతే సర్వకాల సర్వావస్థలలోను 14.7 మంచిదని కూడా కాదు. పూర్తి శక్తి కావలసినప్పుడు 12.5 నుంచి 13 వరకు, చల్లని ఇంజను మేలుకొనేటప్పుడు అంతకన్నా చిక్కగా మిశ్రమం ఉండాలి. సందర్భానుసారంగా పాళ్ళు మార్చడమే ఇంధన వ్యవస్థ చేయవలసిన పని.

కార్బురేటర్ తెలివి, దాని పరిమితి

కార్బురేటర్‌ను తక్కువగా అంచనా వేయరాదు. విద్యుత్తు అవసరం లేకుండా, కేవలం వాయుప్రవాహ సూత్రంతో పనిచేసే చక్కని యంత్రమది. ఇంజను పీల్చే గాలి ఒక ఇరుకైన గొంతు గుండా పోతున్నప్పుడు వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ పీడన భేదం పక్కనున్న గిన్నెలోని పెట్రోలును సన్నని జెట్ ద్వారా పైకి లాగి గాలిలో చిమ్ముతుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలూ ఎక్కువ వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, కార్బురేటర్ గాలి బరువును కొలవదు. పీడన భేదాన్ని మాత్రమే గ్రహిస్తుంది. ఒకే పీడన భేదం వద్ద జెట్ నుంచి వచ్చే పెట్రోలు మారదు. కాని లోపలికి పోయే గాలి ద్రవ్యం, గాలి సాంద్రత వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది. 40 డిగ్రీల వేసవి గాలికన్నా సున్నాకు దిగువన 5 డిగ్రీల గాలి సుమారు 17 శాతం సాంద్రమైనది. దాని వర్గమూలం తీస్తే సుమారు 8 శాతం తేడా వస్తుంది. వేసవిలో సరిగ్గా 14.7 వద్ద సరిచేసిన కార్బురేటర్ జులై ఉదయాన 15.9 వద్ద, అంటే పలుచగా, నడుస్తుంది. చల్లని ఇంజనుకు చిక్కని మిశ్రమం కావలసిన సమయంలోనే అది పలుచనవుతుందన్న మాట. ఈ లోటును పూడ్చడానికే చోక్ అనే అడ్డుతలుపును పెట్టారు. కాని చోక్ ఒక మోటు సాధనం. అది మోతాదు మించి చిమ్మిన పెట్రోలు చల్లని సిలిండరు గోడలపై ద్రవంగానే నిలిచి, అక్కడి నూనె పొరను కడిగివేస్తుంది. గంగాలిన్‌నుంచి నగర మధ్యానికి దూరం పన్నెండు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇంత చిన్న ప్రయాణంలో, అందునా శీతకాలంలో, ఇంజను వేడెక్కి స్థిమితపడే సరికే గమ్యం వచ్చేస్తుంది. ప్రతిదినం నడిచే పాత కారు అరుగుదలకు ఇదొక ముఖ్య కారణం.

ఎత్తుపల్లాలది మరొక కథ. క్లైడ్ కొండ దిగి బేట్‌మన్స్ బే సముద్రతీరానికి వెళ్ళే కుటుంబం ఒకే పూటలో చిక్కని గాలిలోకి దిగి, సాయంత్రానికి మళ్ళీ పలుచని గాలిలోకి ఎక్కుతుంది. ఒక చోట సరిపెట్టిన కార్బురేటర్ రెండవ చోట తప్పక కొంత తప్పుతుంది.

మూడవది మంచు కట్టడం. పెట్రోలు ఆవిరి కావడానికి పరిసరాలనుంచి వేడిని లాగుకొంటుంది. మట్టి కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇది. సరైన పాళ్ళలో ఉన్న పెట్రోలు పూర్తిగా ఆవిరైతే గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోతుంది. పొగమంచు ఉన్న ఉదయం గాలిలోని తేమ కార్బురేటర్ గొంతులోనే గడ్డకట్టి ఇంజనును ఆపివేయగలదు. వేసవిలో ఇందుకు విరుద్ధంగా గిన్నెలోని పెట్రోలు మరిగిపోయి, ఆగిన కారు మళ్ళీ కదలనని మొరాయిస్తుంది.

ఇంజెక్షన్ వచ్చిన దారి

ఇంజెక్షన్ అనే మాట డాక్టరు సూది వల్ల తెలుగువారికి చిరపరిచితమే. ఇంధనాన్ని గాలి చేత లాగించకుండా, పీడనంతో, కొలిచిన మోతాదులో చిమ్మడమే ఇక్కడి అర్థం కూడా. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారులో యాంత్రిక ఇంజెక్షన్ ఉండేది. 1958 నాటి క్రైస్లర్ కార్లలో బెండిక్స్ సంస్థ వారి ఎలక్ట్రానిక్ పద్ధతిని ప్రయత్నించారు గాని, నాటి ఎలక్ట్రానిక్ విడిభాగాలు ఇంజను వేడికీ అదురుకూ తట్టుకోలేకపోయాయి. 1967లో బాష్ సంస్థ డి-జెట్రానిక్ పద్ధతిని ఫోక్స్‌వాగన్ 1600 కారులో ప్రవేశపెట్టింది. అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, పొగపై వచ్చిన కట్టుబాట్లే దానికి ప్రేరణ. 1976లో పొగలోని ఆక్సిజన్‌ను పసిగట్టే సెన్సర్ వోల్వో కార్లలో చేరడంతో ఈ పరిణామం పరిపూర్ణమయింది.

ఆస్ట్రేలియాలో 1984 నాటి హోల్డెన్ వి.కె. కమడోర్‌లో 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను రెండు రూపాల్లోనూ లభించింది. కార్బురేటర్ ఉన్న ఇంజను శక్తి 86 కిలోవాట్లు. ఇంజెక్షన్ ఉన్నదాని శక్తి 106 కిలోవాట్లు. ఈ తేడా అంతా ఇంజెక్షన్ మహిమే అనలేము. గాలి గొట్టాల రూపకల్పన వంటి మార్పులకూ అందులో భాగం ఉన్నది. కాని ముసలి ఇంజనులో ఎంత శక్తి దాగి ఉన్నదో అది చూపించింది.

భారతదేశంలో ఈ మార్పును న్యాయస్థానం వేగిరపరిచింది. ఢిల్లీ పరిసరాలలో యూరో ప్రమాణాలను త్వరగా అమలుచేయాలని 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత కార్లలో కార్బురేటర్ యుగం త్వరత్వరగా ముగిసింది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ప్రమాణాలు వచ్చి మోటారుసైకిళ్ళను కూడా ఇంజెక్షన్ బాట పట్టించాయి. చెవితో విని, స్క్రూడ్రైవరు పావు చుట్టు తిప్పి ఇంజనును దారికి తెచ్చే విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలు కూడా కంప్యూటరు చేతపట్టవలసి వచ్చింది.

విడిగా కొని అమర్చుకొనే సామగ్రి విషయంలో ఆస్ట్రేలియాకు ప్రత్యేక స్థానమున్నది. హాల్‌టెక్ సంస్థ 1986లో సిడ్నీలోను, మోటెక్ సంస్థ 1987లో మెల్‌బోర్న్‌లోను మొదలయ్యాయి. 2001లో అమెరికాలో ఇద్దరు ఔత్సాహికులు, బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిపో, మెగాస్క్విర్ట్ అనే పరికరాన్ని రూపొందించి, సోల్డరింగ్ తెలిసిన ఎవరైనా ఇంట్లోనే తయారు చేసుకొనే వీలు కల్పించారు.

కంప్యూటరు వేసే లెక్క

ఈ.ఎఫ్.ఐ. హృదయం ఇంజను నియంత్రణ కంప్యూటరు. దానికి తెలియవలసింది ఒక్కటే: ఈ క్షణాన సిలిండరులోకి పోతున్న గాలి బరువెంత? నేరుగా తూచే సెన్సర్లు ఉన్నాయి గాని, పాత కార్లకు అమర్చే సామగ్రిలో ఎక్కువగా వాడే ఉపాయం వేరు. ఇంటర్మీడియట్ విద్యార్థికి తెలిసిన ఆదర్శ వాయు సమీకరణమే దానికి ఆధారం. పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత తెలిస్తే వాయువు పరిమాణం తెలిసినట్లే.

ఒక ఉదాహరణ చూద్దాం. 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు 0.55 లీటరు. లోపలి గాలి గొట్టంలో పీడనం 50 కిలోపాస్కళ్ళు, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు అనుకుందాం. సమీకరణం ప్రకారం ఆ పరిమాణంలో ఉండే గాలి 0.32 గ్రాము. సిలిండరు ఎన్నడూ పూర్తిగా నిండదు. 80 శాతం నిండుతుందనుకుంటే 0.256 గ్రాము. దానిని 14.7 చేత భాగిస్తే కావలసిన పెట్రోలు 17.4 మిల్లీగ్రాములు. నిమిషానికి 200 మిల్లీలీటర్లు చిమ్మగల ఇంజెక్టరు ఆ పెట్రోలును 7 మిల్లీసెకన్లలో అందిస్తుంది. విద్యుదయస్కాంతం సూదిని పైకి లేపడానికి పట్టే సుమారు 1 మిల్లీసెకనును దీనికి కలుపుకోవాలి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క సిలిండరుకు 40 మిల్లీసెకన్లకు ఒకసారి ఈ లెక్క జరగాలి.

ఆ 80 శాతం అనే అంకె స్థిరమైనది కాదు. వేగాన్ని బట్టీ, పీడనాన్ని బట్టీ మారుతుంది. అందుచేత కంప్యూటరులో ఎక్కాల పుస్తకం వంటి ఒక పట్టిక ఉంటుంది. అడ్డు వరుసలో వేగం, నిలువు వరుసలో పీడనం, ప్రతి గడిలో నింపుదల శాతం. ఆ గడులను సరిగా పూరించడమే ట్యూనింగ్ అనే విద్య. పట్టిక సరిగా ఉంటే, మంచు ఉదయమైనా మండు వేసవైనా, కొండమీదనైనా సముద్రతీరాననైనా, మోతాదు దానంతటదే సరిపోతుంది. ఉష్ణోగ్రత, పీడనం లెక్కలోనే ఉన్నాయి గదా!

పొగను వాసన చూసే ముక్కు

లెక్క ఎంత గట్టిదైనా ఫలితాన్ని సరిచూసుకోవాలి. ఆ పని పొగగొట్టంలో బిగించిన ఆక్సిజన్ సెన్సరుది. జిర్కోనియా అనే పింగాణీ పదార్థానికి ఒక విచిత్ర గుణమున్నది. 300 డిగ్రీలకు పైగా వేడెక్కితే అది ఆక్సిజన్ అయానులను తన గుండా పోనిస్తుంది. ఒక పక్క పొగ, ఒక పక్క బయటి గాలి ఉన్నప్పుడు రెండింటి ఆక్సిజన్ తేడాను బట్టి నెర్న్‌స్ట్ సూత్రం ప్రకారం స్వల్ప విద్యుత్ పీడనం పుడుతుంది. మిశ్రమం చిక్కగా ఉంటే సుమారు 0.9 వోల్టు, పలుచగా ఉంటే 0.1 వోల్టు. సరైన పాళ్ళ వద్ద ఇది ఒక్కసారిగా మారుతుంది. అందువల్ల ఈ సాధారణ సెన్సరు ఎక్కువో తక్కువో చెప్పగలదే కాని, ఎంత అన్నది చెప్పలేదు. ఎంత అన్నది కొలవగల విశాల శ్రేణి సెన్సర్లు తరువాత వచ్చాయి. పాత కారును ట్యూన్ చేయడానికి కావలసినవి ఇవే.

ఈ ముక్కుకు సీసం బద్ధశత్రువు. పెట్రోలులో కలిపిన టెట్రా ఇథైల్ లెడ్ మండి ఏర్పడే సమ్మేళనాలు సెన్సరు పైపూతను కప్పివేస్తాయి. ఆస్ట్రేలియాలో 1986 నుంచి కొత్త కార్లన్నీ సీసరహిత పెట్రోలుతో నడవాలన్న నియమం వచ్చింది. 2002 జనవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం నిలిచిపోయింది. భారతదేశం 2000లోనే దానికి స్వస్తి చెప్పింది. సీసం పోయింది గనుకనే నేడు 1971 నాటి కారుకూ ఈ సెన్సరు అమరుతున్నది. కాని ఒక హెచ్చరిక: పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే పీటలను ఆ సీసపు పొరే అరిగిపోకుండా కాపాడేది. ఆ లోపాన్ని ఇంజెక్షన్ తీర్చదు. గట్టి లోహపు పీటలు వేయించుకోవలసిందే.

ఇథనాల్ విషయంలో మాత్రం ఈ ముక్కు ఎంతో ఉపకరిస్తుంది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉన్నందున దానికి 9 పాళ్ళ గాలి చాలు. 10 శాతం ఇథనాల్ కలిసిన ఈ-10 పెట్రోలుకు సరైన నిష్పత్తి సుమారు 14.1, 2025 నాటికి భారతదేశమంతటా వ్యాపించిన 20 శాతం మిశ్రమానికి సుమారు 13.5. కార్బురేటరుకు ఈ తేడా తెలియదు. పాత మోతాదే చిమ్మి ఇంజనును పలుచని మిశ్రమంతో నడుపుతుంది. సెన్సరు ఉన్న వ్యవస్థ దానిని పసిగట్టి సర్దుకుంటుంది.

అమర్చే విధానం

ఇందులో రెండు మార్గాలున్నాయి. మొదటిది, కార్బురేటరు కూర్చున్న చోటనే ఇంజెక్టర్లు గల థ్రాటిల్ బాడీని బిగించడం. ఇది సులభం, పాత గాలి గొట్టాలు అలాగే ఉంటాయి. కాని పెట్రోలు ఆ గొట్టాల పొడుగునా తడిగా ప్రయాణించవలసిందే గనుక, చల్లని ఉదయాలలో గోడలను తడపడం, సిలిండర్ల మధ్య అసమాన పంపకం అనే పాత జబ్బులు కొంత మిగిలిపోతాయి. రెండవది, ఒక్కొక్క సిలిండరు ద్వారం వద్ద ఒక్కొక్క ఇంజెక్టరు పెట్టడం. ఇది శ్రేష్ఠమైనది, శ్రమతో కూడినది. హోల్డెన్ అభిమానులకు ఇందులో ఒక మెలిక ఎదురవుతుంది. హెచ్‌క్యూ నాటి ఎర్ర రంగు ఇంజను తలలో 9 ద్వారాలే ఉంటాయి. 1980లో వచ్చిన నీలి ఇంజనునుంచి 12 ద్వారాలు. కాబట్టి వి.కె. కమడోర్ ఇంజెక్షన్ గొట్టాలు పాత తలకు నేరుగా సరిపడవు.

ఏ మార్గమైనా, మొదటి పని ఇంజను ఆరోగ్య పరీక్ష. సిలిండర్లలో ఒత్తిడి, వాల్వుల ఖాళీలు, నిప్పురవ్వ కాలం, గాలి గొట్టాల లీకులు ఇవన్నీ చూసుకోవాలి. కార్బురేటరుకు అంటగట్టే నేరాలలో చాలాభాగం నిజానికి అరిగిన పాయింట్లవీ, పగిలిన రబ్బరు గొట్టాలవీ. రోగి నీరసానికి కారణం తెలుసుకోకుండా కొత్త గుండె అమర్చడం వైద్యం కాదు.

తరువాత ఇంధన సరఫరా. పాత యాంత్రిక పంపు 20 నుంచి 35 కిలోపాస్కళ్ళ ఒత్తిడి ఇస్తుంది. ఇంజెక్షనుకు సుమారు 300 కావాలి. ఇందుకు విద్యుత్ పంపు, సన్నని వడపోత, ఒత్తిడిని నిలకడగా ఉంచే రెగ్యులేటరు, మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి చేరే గొట్టం అవసరం. మరొక సంగతి తరచుగా మరుగున పడుతుంది. పాత ట్యాంకులో అడ్డుగోడలు ఉండవు. కాన్‌బెర్రా రౌండబౌట్లకు పేరుపడ్డ ఊరు. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉండి, కారు రౌండబౌటు తిరుగుతుంటే ద్రవమంతా ఒక పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. కార్బురేటరు గిన్నెలో నిలవ ఉండేది కాబట్టి పూర్వం ఇది తెలిసేది కాదు. ఇంజెక్షన్ ఇంజను మాత్రం తక్షణమే తడబడుతుంది. మధ్యలో ఒక చిన్న నిలవ తొట్టి పెట్టడమే దీనికి పరిష్కారం.

మూడవది విద్యుత్తు. పంపు, ఇంజెక్టర్లు, కంప్యూటరు అన్నీ ఆల్టర్నేటరు మీదనే ఆధారపడతాయి. యాభై ఏళ్ళ వైర్లు, తుప్పుపట్టిన ఎర్త్ కలయికలు కంప్యూటరుకు తప్పుడు సమాచారమిస్తాయి. ఇంజను ఎంత తిరిగిందో తెలిపే పళ్ళచక్రపు సెన్సరు తీగను నిప్పురవ్వ తీగలకు దూరంగా ఉంచాలి. పొగగొట్టంలో సెన్సరుకు ముందు సన్నని పగులున్నా బయటి గాలి చొరబడి, మిశ్రమం పలుచగా ఉన్నదని ముక్కు పొరబడుతుంది. కంప్యూటరు అనవసరంగా పెట్రోలు పెంచుతుంది.

నిప్పుతో చెలగాటం

ఈ వ్యాసంలో ఏ భాగం మరచినా ఇది మరువరాదు. కార్బురేటరు గొట్టం చిల్లుపడితే పెట్రోలు బొట్లుబొట్లుగా కారుతుంది. 300 కిలోపాస్కళ్ళ గొట్టానికి సూదిమొన అంత చిల్లు పడితే తుంపరగా, మంచు పొగలా చిమ్ముతుంది. పక్కనే ఎర్రగా కాలే పొగగొట్టం ఉంటుంది. కనుక పాత రబ్బరు గొట్టాలను, సాధారణ క్లిప్పులను ఎట్టి పరిస్థితులలోను వాడరాదు. ఇంజెక్షన్ ఒత్తిడికి, ఇథనాల్‌కు తట్టుకొనేవిగా నిర్ధారించిన గొట్టాలనే వాడాలి.

పంపుకు కరెంటును తాళం నుంచి నేరుగా ఇవ్వరాదు. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు పంపు నడచి ఆగాలి. ఇంజను తిరుగుతున్నదన్న సంకేతం వస్తేనే మళ్ళీ నడవాలి. ప్రమాదంలో ఇంజను ఆగిపోతే పంపు కూడా ఆగుతుంది. నేరుగా కలిపిన పంపు మాత్రం తలకిందులైన కారులో సైతం పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. గుద్దుకున్నప్పుడు కరెంటును తెంచే స్విచ్చిని, అందుబాటులో అగ్నిమాపకాన్ని కూడా ఉంచుకోవాలి. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం. లేకపోతే కలిగే నష్టం అపారం.

చట్టం మాట

ఆస్ట్రేలియాలో ప్రతి కారుకు అది తయారైన నాటి డిజైన్ నిబంధనలు వర్తిస్తాయి. మార్పు చేసిన తరువాత కూడా అది వాటిని పాటించాలి. వాహనాల మార్పులకు జాతీయ స్థాయిలో వి.ఎస్.బి.-14 అనే మార్గదర్శక గ్రంథమున్నది. 1976 జులైలో పొగపై 27-ఏ నిబంధన వచ్చింది. ఆ తరువాతి కార్లకు బాధ్యత మరింత ఎక్కువ. ప్రతిదినం నడిపే కారు, పరిమిత వినియోగానికిచ్చే చారిత్రక వాహనపు రిజిస్ట్రేషను కిందికి రాదు. కాబట్టి సామగ్రి కొనకముందే అక్సెస్ కాన్‌బెర్రా వారినీ, అర్హతగల ఇంజనీరునూ, ఇన్సూరెన్సు కంపెనీనీ సంప్రదించి లిఖితపూర్వకంగా సమాధానం తీసుకోవడం వివేకం. తెలియజేయని మార్పు, ప్రమాదం జరిగిన నాడు ఇన్సూరెన్సును నిష్ప్రయోజనం చేయగలదు.

లాభమెంత, నష్టమెంత?

లాభాలు స్పష్టం. చలిలో తడబడకుండా మేలుకోవడం, వేడిలో మరగకపోవడం, నూనె పొర కొట్టుకుపోకపోవడం వల్ల ఇంజను ఆయుష్షు పెరగడం, కార్బన్ మోనాక్సైడ్, మండని పెట్రోలు తగ్గడం. ఐతే ఇంజెక్షన్ అమర్చినంత మాత్రాన పాత కారు కొత్త కారంత శుభ్రం కాదు. పొగలోని విషాలను చివరకు హరించేది మూడు పనుల ఉత్ప్రేరకం. అది లేని కారులో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గకపోగా, మిశ్రమం ఆదర్శానికి దగ్గరయ్యేకొద్దీ పెరగవచ్చు కూడా.

పెట్రోలు పొదుపుతో పెట్టుబడి తిరిగి వస్తుందని ఆశించరాదు. వేల డాలర్ల సామగ్రి ఖర్చు రాబట్టాలంటే చాలా సంవత్సరాలు నడపాలి. మరొక నష్టమున్నది. లేక్ జార్జ్ పక్కన దారిలో ఆగిన కార్బురేటరు కారును స్క్రూడ్రైవరుతో బాగుచేసి ఇంటికి చేరవచ్చు. పళ్ళచక్రపు సెన్సరు చెడితే లారీ ఎక్కించడం తప్ప గత్యంతరం లేదు. కాబట్టి ఒక రిలే, ఒక సెన్సరు అదనంగా కారులో ఉంచుకోవడం, తీసిన పాత భాగాలను పారవేయక భద్రపరచడం, వైర్ల పటాన్ని గీసి కారులోనే ఉంచడం మంచిది. రేపు మరొక మేస్త్రీకి ఆ పటమే దిక్కు.

కారు వారానికొక్కసారి మాత్రమే బయటికి వచ్చేదైతే, చక్కగా శుభ్రపరచి సరిచేసిన కార్బురేటరే చాలు. దాని సహజ రూపాన్ని చెరపవలసిన పని లేదు. పొగ లేకుండటమే ఏకైక లక్ష్యమైతే, 2020 నుంచి పునరుత్పాదక విద్యుత్తుపై ఆధారపడిన కాన్‌బెర్రాలో బ్యాటరీ కారూ, 2019 ఏప్రిల్‌లో గంగాలిన్‌నుంచి మొదలైన ట్రామూ ఇంతకన్నా మేలైన సమాధానాలు. 2035 నాటికి కొత్త పెట్రోలు కార్ల రిజిస్ట్రేషనుకు స్వస్తి చెప్పాలన్న లక్ష్యాన్ని ఇక్కడి ప్రభుత్వం 2022లో ప్రకటించింది.

కాని పాత కారును ప్రతిదినం నడుపుతూ, పిల్లలను అందులో బడికి దింపుతూ, దాని ఆయుష్షును పెంచాలని కోరుకునే గృహస్థునికి ఇంజెక్షన్ విలాసం కాదు, ఒక సమంజసమైన చికిత్స. హోల్డెన్ కర్మాగారం 2017 అక్టోబరులో మూతపడింది. అంబాసిడర్ తయారీ 2014 మేలోనే ఆగింది. ఉన్నవాటిని జాగ్రత్తగా కాపాడుకోవడమే ఇక మిగిలింది. ఆ పనిలో తొందర తగదు. ముందు ఇంజను ఆరోగ్యం, తరువాత గొట్టాల భద్రత, ఆపైన చట్టం అనుమతి, చివరకు కంప్యూటరు. ఈ వరుస తప్పనివారికి ముసలి ఇంజను మంచు ఉదయాన సైతం మొదటి పిలుపుకే పలుకుతుంది.